ఇంజను లైటు, ఇంటి వాన

ఆశ్వయుజ శుద్ధ దశమి

తెల్లవారేసరికి పోటు తీసింది. గుమ్మం మీద పేరుకున్న ఉప్పు ఊడ్చి, ఆల్చిప్పల పొడితో ముగ్గు వేశాను. మంచినీళ్ళ వంతు వచ్చేలోపు దీపం పెట్టుకున్నాను.

తర్వాత బండి పూజ. మా గువ్వలలంకలో షోరూము ఒక్కటే. బండి అమ్మేది అదే, బాగుచేసేది అదే, ఈ బండి మంచిదని అవతలి ఒడ్డుకి పోయే కట్ట రోడ్డు గేటుకి చెప్పేదీ అదే. దసరాకి లంకలోని బండ్లన్నిటికీ తన ఆవరణలోనే ఉచితంగా పూజ చేయిస్తుంది. పూలు, గుమ్మడికాయలు, సాంబ్రాణి వాళ్ళవి. మంగళహారతి నాది. పల్లవి నేను ఎత్తుకుంటే చరణం మా చెల్లెలు జాహ్నవి అందుకుంటుంది. చిన్నప్పటినుంచీ అంతే. పెళ్ళయి వెళ్ళిన ఆ కొన్నేళ్ళే మధ్యలో తప్పింది. మొగుడు పోయాక మళ్ళీ మా దగ్గరికే వచ్చింది.

బానెట్ ఎత్తి ఇంజనుకి పసుపు రాసి బొట్టు పెట్టాను. నా ఉంగరపు వేలు చిన్నప్పుడు తలుపు సందున పడి వంకరపోయింది. నేను పెట్టే బొట్టు ఎప్పుడూ ఎడమకి జారి, తోక ఉన్నట్టుంటుంది.

"పెద్దక్క బొట్టు పెడితే అమ్మవారైనా మెడ వంచుకోవాల్సిందే," అంది జాను.

"ముందు నువ్వు వంచు," అని దానికీ పెట్టాను.

ఈ ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. నిహార్ అట. చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు. "ఇంజన్లు ఆన్‌లో ఉంచండమ్మా. బండి ఊపిరి పీలుస్తుండగా ధూపం వేస్తే లోపలి దిష్టి కూడా పోతుందండి," అన్నాడు.

మా నాన్న బండి ఆపి పూజ చేసేవాడు. అయినా ఆ మాట నాకు బాగుందనిపించింది. "నిజమేనర్రా, ఆన్ చెయ్యండి," అన్నాను. నేనన్నానని వెనక వరసలవాళ్ళు కూడా చేశారు. ప్రతి బండికీ, అది గాలి పీల్చే ముక్కు కిందే, ఒక్కో ధూపం కుండ పెట్టారు.

మేనేజరు బండి మాత్రం దండ వేసుకుని గోడవార చప్పుడు లేకుండా ఉంది.

"పెళ్ళికొడుకు నిద్రపోతున్నాడు చూడు," అంది జాను. నవ్వుకున్నాం.

జానుకి కుడి రొమ్ములో గడ్డ ఉంది. లంక డాక్టరు చూసి రాస్తే, అవతలి ఒడ్డున పెద్దాసుపత్రిలో ఆపరేషనుకి తేదీ ఇచ్చారు. కార్తీక పౌర్ణమి పోటుకి కట్ట రోడ్డు మునిగిపోతుంది. మళ్ళీ మాఘంలోగాని తేలదు. పౌర్ణమిలోపు దాటాలి. హారతిలో అదొక్కటే కోరుకున్నాను.


ఆశ్వయుజ బహుళ షష్ఠి

ఇంజను లైటు వెలిగింది. తమ్ముడు రిత్విక్ నీళ్ళ డ్రమ్ములు తెస్తుంటే దారిలో వెలిగిందట. కోడిగుడ్డు సొన రంగు. బండి మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది.

లైటున్న బండికి కట్ట గేటు తెరుచుకోదు. నియమం మంచిదే. రెండు పక్కలా సముద్రం. మధ్యలో ఒక బండి ఆగితే వెనకున్నవాళ్ళకి దారి ఉండదు. పడవ మాట ఎవరూ ఎత్తరు. మునిగిన ఊళ్ళ గోడలూ కరెంటు స్తంభాలూ నీళ్ళ కిందే నిలబడి ఉన్నాయి.

షోరూముకి వెళ్ళాం. చల్లటి అద్దాల గది. అడ్వైజరు పిల్ల పేరు అమైరా. మజ్జిగ ఇచ్చి, తెర మీద మా ఇంజను బొమ్మ చూపించింది. సగం ఎర్రగా ఉంది.

"శ్వాసపెట్టె పోయిందాంటీ. మార్చేస్తే సరిపోతుందండి."

"ఎలా పోయిందమ్మా?"

"ఉప్పు గాలి కదాంటీ. లంకలో మామూలేనండి."

"ఎనిమిదేళ్ళుగా ఉప్పు గాలిలోనే ఉంది ఈ బండి," అన్నాడు రిత్విక్.

"అందుకేనండి పోయింది."

జాను కుట్టు మిషను మీద కూడబెట్టుకున్నది దానికి పోయింది. శ్వాసపెట్టె మార్చారు. లైటు ఆరింది. ఇంటి మలుపు దగ్గర మళ్ళీ వెలిగింది.

రిత్విక్ స్టీరింగు మీద గుద్దాడు. జాను వెనక సీట్లోంచి, "కొట్టకురా. దానికి దెబ్బ తగిలిందని ఇంకో లైటు వెలుగుతుంది," అంది.


ఆశ్వయుజ అమావాస్య, దీపావళి

మళ్ళీ షోరూము. రోడ్డు దాకా బండ్ల వరస. అన్నిటికీ అదే లైటు. అన్నిటి ముందూ దసరానాటి బంతిపూల దండ ఎండిపోయి వేలాడుతోంది.

ఈసారి తెర మీద ఇంజనంతా ఎర్రగా ఉంది.

"ఇంజనే మార్చాలాంటీ," అంది అమైరా.

"మొన్న శ్వాసపెట్టె అన్నావు కదమ్మా."

"మొన్నటికి అదండి. ఇవాళ్టికి ఇది."

"మా డాక్టరు నయం," అంది జాను. "ఉన్నదేదో మొదటిరోజే చెప్పాడు."

ఇంజనుకి బదులుగా ఇంటి కప్పు రాసివ్వాలట. కప్పు కాదు, కప్పు మీద పడే వాన. చూరు చుట్టూ గొట్టం బిగించి, పడ్డదంతా షోరూము తొట్టికి మళ్ళించుకుంటారు. పదేళ్ళు. ఈ లంకలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. కప్పు మీది వాన పోతే గొంతు తడుపుకోవడానికి వంతు నీళ్ళు తప్ప ఇంకేం ఉండవు. ఆలోచించుకుని చెబుతామని వచ్చేశాం.

పక్కింటి జోయెల్ గారు బండిలోంచి చేపల గంప దింపుతున్నారు. ఆయన బండీ మా బండీ ఒకే రోజు కొన్నవి, ఒకే రకం.

"మీ బండికి లైటు వచ్చిందా అన్నయ్యా?"

"లేదమ్మా. ప్రభువు దయ."

"లంకలో అందరికీ వచ్చింది."

"మరి మాకు రాలేదు. మేము చేతులు జోడించి ప్రార్థన చేసి ఊరుకుంటాం. మీరు మరీ ఎక్కువ పూజలు చేసేశారేమో," అని నవ్వారు. నా మొహం చూసి నవ్వు ఆపేశారు. "తప్పయితే క్షమించమ్మా."

"తప్పేం లేదన్నయ్యా."

ఆయనే మళ్ళీ అన్నారు. "నా దాటింపు మిగిలుంటే జానమ్మని నేనే తీసుకెళ్ళేవాణ్ణి." ఇంటికి ఏడాదికి ఒక్కసారే గేటు తెరుస్తారు. ఆయన వంతు కూతురి పురిటికి అయిపోయింది.

ఇంట్లోకి వచ్చి దీపాలు పెట్టాను. ఆయన నవ్వుతూ అన్న మాట మాత్రం మనసులోంచి పోలేదు.


కార్తీక శుద్ధ చవితి

నాగుల చవితి. ఇక్కడ పుట్టలు లేవు. వంతు పాలు పటానికే చూపించాను.

పటాల అద్దాలు తుడిచాను. సాంబ్రాణి జిడ్డు ఒకపట్టాన పోదు. గుడ్డ మార్చిన కొద్దీ గోధుమరంగు వస్తూనే ఉంటుంది. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే. ఇవాళ చెయ్యి మధ్యలో ఆగింది.

రిత్విక్‌ని పిలిచి బండి ముక్కు విప్పించాను. జల్లెడ వెనక చిటికెన వేలంత గాజుపుల్ల ఉంది. లోపలికి వచ్చే గాలి ఎలాంటిదో ఇంజనుకి చెప్పేది అదేనట. కొత్త శ్వాసపెట్టె దాని పక్కనే మెరుస్తోంది. పుల్ల మీద మాత్రం గోధుమరంగు జిడ్డు. వేలితో తీసి వాసన చూశాను.

"ఏంటక్కా?"

"నువ్వే చూడు."

చూశాడు. "మన దేవుడి గది వాసన," అన్నాడు.

కుంకుడు నురగ చేసి, దూది వత్తితో పుల్ల తుడిచాను, పటం తుడిచినట్టే. గాజు తేటపడింది. బండి స్టార్టు చేశాడు. ఇంజను మెత్తగా ఆడింది. లైటు ఆరలేదు.

"ఆరదక్కా. వెలగడం దానంతట అది వెలుగుతుంది. ఆర్పడానికి వాళ్ళ కంప్యూటరు కావాలి."

జాను గుమ్మంలో కూర్చుని బటన్లు కుడుతోంది. "మా అత్తగారూ ఇంతే," అంది. "కోపం రావడానికి కారణం అక్కర్లేదు. పోవడానికి మాత్రం ఆడపడుచు ఒప్పుకోవాలి."


కార్తీక శుద్ధ ఏకాదశి

ఉపవాసం. మేనేజరు ఇవాళ్టికి గాని దొరకలేదు. మొన్నటిదాకా మీటింగులన్నారు.

దూది వత్తులు కాగితంలో చుట్టి తీసుకెళ్ళాను. బల్ల మీద విప్పి పెట్టాను.

"వాసన చూడండి బాబూ."

చూశాడు. "సాంబ్రాణి, అమ్మగారు."

"మీ ఆవరణలో మీరు పెట్టిన కుండలోది. గాజుపుల్లకి పట్టింది. తుడిచేశాం. మీరు లైటు ఆర్పితే చాలు."

"మీరు తుడిచారా?" అతని మొహంలో దిగులు కనిపించింది. నిజం దిగులులాగే ఉంది. "అయ్యయ్యో. బయటి చెయ్యి పడిందంటే ఇక నా చేతుల్లో లేదమ్మగారు. ఇంజను మార్చందే కంప్యూటరు ఒప్పుకోదండి."

రిత్విక్ లేచాడు. "తుడవకముందూ ఇంజను మార్చాలనే అన్నారు కదయ్యా?"

"అప్పుడు మార్చితే మంచిదన్నాం సార్. ఇప్పుడు మార్చక తప్పదు."

"నీ—"

"కూర్చో రిత్తూ," అన్నాను. కూర్చోలేదు గాని ఆగాడు.

"ఒక్కటే అడుగుతాను బాబూ. ఇంజను ఆడుతుండగా పొగ వేస్తే ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?"

గోడ మీద అమ్మవారి పటం ఉంది. అటు చూశాడు. "పూజ మీ నమ్మకం అమ్మగారు. మా పని బండి వరకే."

లేచి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. అలవాటు.

అట్నుంచి లంక ఆఫీసుకి వెళ్ళాం. ఆపరేషను కాగితం చూపించాం. జాలిపడ్డారు. బండి మంచిదని షోరూమువాళ్ళు రాసిస్తే వెంటనే గేటు తెరుస్తామన్నారు.


కార్తీక శుద్ధ ద్వాదశి

తులసికోట దగ్గర దీపాలు పెట్టి వెళ్ళి సంతకం చేశాను. ఇల్లు ముగ్గురి పేరునా ఉంది. రిత్విక్ పళ్ళు కొరుకుతూ చేశాడు. జాను కలం పట్టుకోలేదు.

"నా గడ్డ కోసం ఇంటి మీద వాన రాసిస్తారా? నేను పోతే ఇద్దరు దాహంతో ఉంటారు. బతికితే ముగ్గురం ఉంటాం. ఏం బేరం పెద్దక్కా ఇది?"

"పెట్టు."

"రిత్తూ, నువ్వైనా చెప్పరా."

వాడు కిటికీ వైపు తిరిగాడు.

"పెట్టు జానూ," అన్నాను.

పెట్టింది. సంతకం కింద రెండు గీతలు గియ్యడం దాని అలవాటు. గియ్యలేదు.

అమైరా కాగితాలు తీసుకుంది. ఇంజను రేపు బిగిస్తామంది.


కార్తీక శుద్ధ చతుర్దశి

ఇంజను బిగించలేదు. పొద్దున అడిగితే సాయంత్రం అన్నారు. సాయంత్రం అడిగితే రేపు పొద్దున్నే అన్నారు.

చూరు చుట్టూ గొట్టం మాత్రం నిన్ననే బిగించి వెళ్ళారు.


కార్తీక పౌర్ణమి

పొద్దున్నే అన్నవాళ్ళు మధ్యాహ్నం దాటాక బండి ఇచ్చారు. లైటు లేదు. ముందు అద్దానికి కొత్త ఇంజను అని రాసిన రిబ్బను కట్టారు. కొబ్బరికాయ కూడా ఇచ్చారు. కొట్టే తీరిక లేదు. జానుని ఎక్కించుకుని బయల్దేరాం.

కట్ట గేటు ముందు బండ్లు ఆగి ఉన్నాయి. అన్నిటికీ అవే రిబ్బన్లు. గేటు మూసి ఉంది.

కాపలా ఆయన దగ్గరికి వచ్చారు. "ఇప్పుడే మూశారమ్మా. పల్లపు మలుపులో నీళ్ళెక్కేశాయి. గాలి ఎక్కువుంది కదండీ, పోటు ముందే వచ్చేసింది."

"చెల్లెలికి ఆపరేషను బాబూ."

"తెలుసమ్మా. కాగితం మొన్న ఆఫీసులో చూపించారటగా. రోడ్డే లేదు. నేనేం తెరవను?"

రిత్విక్ దిగి గేటు దాకా వెళ్ళాడు. రెండు చేతులా ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. చూస్తుండగా రోడ్డు మధ్య తెల్లగీత మీదికి నీళ్ళు వచ్చాయి. గీత కాసేపు నీళ్ళలో కదిలింది. తర్వాత కనిపించలేదు.

ఆడవాళ్ళు అప్పుడే దీపాలు వదలడానికి వస్తున్నారు. జాను వాళ్ళ దగ్గర ఒక అరటిదొప్ప అడిగి తెచ్చింది. "ఇక్కడిదాకా వచ్చాం కదా, ఒట్టి చేతులతో పోతామా? వెలిగించు."

వెలిగించాను. గేటు పక్కన నీళ్ళలో వదిలాం. ఊచల సందులోంచి అవతలికి పోయింది. కట్ట రోడ్డు పొడుగునా సాగింది. దానికెవరూ కాగితం అడగలేదు.


మార్గశిర బహుళ పంచమి

మూడు రోజులుగా వాన. కప్పు మీద పడి, చూరు దిగి, గొట్టంలో గలగలమంటూ వీధి చివరికి పోతోంది. జానుకి ఆ చప్పుడు పడడం లేదు. చెవిలో దూది పెట్టుకుంటోంది.

"మనింటి వాన మనకి చెప్పకుండా వెళ్ళిపోతోంది పెద్దక్కా. మర్యాద లేదు దానికి."

జోయెల్ గారు బిందెడు నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళ కప్పు ఇంకా వాళ్ళదే.

బండికి పని లేదు. అయినా కొత్త ఇంజనుకి బొట్టు పెట్టలేదని గుర్తొచ్చింది. బానెట్ ఎత్తాను. పైన కొత్త మూత, నల్లగా నిగనిగలాడుతోంది. మూత తీశాను. కింద పసుపు ఉంది. పసుపులో బొట్టు ఉంది. ఎడమకి జారి, తోకతో ఉంది.

నా వంకర వేలు దాని మీద ఆనించి చూశాను. సరిపోయింది.

గొడుగు వేసుకుని షోరూముకి నడిచాను. అమైరాకి చెప్పాను. కాసేపు తెర చూసింది.

"కొత్త ఇంజన్లకి మేమే బొట్టు పెట్టి ఇస్తామాంటీ," అంది.

"వంకరగానా అమ్మా?"

తల ఎత్తకుండానే మజ్జిగ తెప్పించనా అని అడిగింది.

ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. రిత్విక్ మూత కిందిది చూసేశాడు. రాత్రి అన్నం తినలేదు. జాను మాత్రం నవ్వింది. నవ్వుతుంటే పక్క నొప్పి వచ్చి ఆపేసింది.


మాఘ శుద్ధ సప్తమి

రోడ్డు తేలింది. మొదటి బండి మాదే. గేటు తెరుచుకుంది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. ఫిల్ములు వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. గడ్డ చంకలోకి పాకిందని, లివర్లో కూడా మచ్చలున్నాయని చెప్పింది. "కార్తీకంలో రావాల్సిందమ్మా. తేదీ కూడా ఇచ్చాం కదా?"

"బండికి లైటు వెలిగింది డాక్టరు గారూ," అంది జాను.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. మేమూ విడమరచి చెప్పలేదు.


వైశాఖ శుద్ధ తదియ

పొగ సంగతి వీధిలో అందరికీ చెబుతూనే ఉన్నాను. కొందరు వింటున్నారు. ఎక్కువమంది వినడం లేదు.

"దేవుడికి వేసిన ధూపానికి బండి చెడుతుందా? రోజూ పూజ చేసుకునే మనిషివి, నువ్వే ఇలా అంటావేంటక్కా?" అంది ఎదురింటి మోక్షిత. వాళ్ళ కప్పుకీ గొట్టం ఉంది. చెడ్డది పొగ కాదు, దాన్ని పెట్టిన చోటు అన్నాను. "ఏమో. పాపం తగులుతుంది," అని చెంపలు వేసుకుంది.

కోపం రాలేదు. నిరుడైతే నేనూ అదే అనేదాన్ని.

జాను ఇప్పుడు మంచం మీదే. మిషనుకి గుడ్డ కప్పేశాం. నీళ్ళు చెంచాతో తాగుతోంది. ఇవాళ ఉన్నట్టుండి అంది. "పెళ్ళికొడుకు నిద్రపోయాడు గుర్తుందా?"

"ఎవరే?"

"మేనేజరు బండి పెద్దక్కా. దసరా రోజు. మనందరివీ ఆన్ చెయ్యమన్నాడు. తనది ఆపి ఉంచుకున్నాడు."

తల నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ముందే తెలుసా అని నువ్వడిగావు కదా," అంది. "జవాబు మనకి ఎప్పుడో చెప్పేశాడు. మనమే నవ్వుకున్నాం."


శ్రావణ శుద్ధ ఏకాదశి

తెల్లవారి జాను పోయింది. నీళ్ళు అడిగింది. ఇచ్చాను. ఒక గుక్క దిగింది.

వాన పడుతోంది. స్నానం చేయించడానికి మా కప్పు మీది నీళ్ళు లేవు. జోయెల్ గారింటి నుంచి తెచ్చుకున్నాం.


శ్రావణ శుద్ధ చతుర్దశి

మైల తీరింది. జానుది వేరే ఇంటిపేరు. అందుకని మాకు మూడు రోజులే. పండుగలు కూడా మానక్కర్లేదని పంతులు గారు చెప్పారు.

దీపం పెట్టాను. దేవుణ్ణి ఏమీ అడగలేదు.


ఆశ్వయుజ శుద్ధ దశమి

హారతి పాడాలని షోరూము నుంచి కబురు వచ్చింది.

"అక్కడికి ఎందుకక్కా?" అన్నాడు రిత్విక్.

"హారతి అమ్మవారికి. షోరూముకి కాదు."

మా బండి తీసుకెళ్ళలేదు. ఇద్దరం నడిచి వెళ్ళాం. ఆవరణ నిండా బండ్లు. చాలావాటికి నిరుటి రిబ్బను ఇంకా ఉంది. నిహార్ చేతులు కట్టుకుని ఎదురొచ్చాడు.

"చెల్లెలుగారి సంగతి విన్నానమ్మగారు. చాలా బాధేసింది."

తల ఊపాను.

అందరి వైపూ తిరిగి, "ఇంజన్లు ఆన్‌లో ఉంచండమ్మా," అన్నాడు. ఉంచారు. ముక్కుల కింద కుండలు పెట్టారు. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. సాంబ్రాణి ఇంకా వెయ్యలేదు. హారతి పళ్ళెం నా చేతికిచ్చారు.

అతని బండి గోడవారే ఉంది. దండ వేసి ఉంది. చప్పుడు లేదు.

కర్పూరం వెలిగించలేదు నేను.

"బాబూ, మీ బండి కూడా వరసలోకి తీసుకురండి."

"పర్లేదమ్మగారు. దానికి దండ వేశాం కదా."

"దిష్టి మీకూ ఉంటుంది. ఇంజను ఆన్ చేసి, ముక్కు కింద కుండ పెట్టించండి. అందాకా హారతి ఎత్తను."

నవ్వాడు. "అది కంపెనీ బండి అమ్మగారు. తాళం—"

"మీ వేలికే ఉంది."

వెనక వరసలో ఎవరో కేకేశారు. "తెండి సారూ! మా అందరివీ పెట్టాం కదా!"

"అవునండీ, మీ బండికి దిష్టి తగలదా ఏంటి?"

"పెళ్ళికొడుకు నిద్ర లేవడేమో!" అంది ఒక ఆడగొంతు. మోక్షితది. జాను అనాల్సిన మాట. ఒకరిద్దరు నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. అందరూ అతని చేతి వైపు చూస్తున్నారు.

నిహార్ వేలికున్న తాళం వైపు చూసుకున్నాడు. రెండడుగులు తన బండి వైపు వేశాడు. ముక్కు కింద పెట్టడానికి ఒకాయన కుండ పట్టుకుని అతని వెనకే వెళ్ళాడు. నిహార్ ఆ కుండని చూశాడు. ఆగాడు. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

అంతే జరిగింది.

ముందు వరసలో ఒక ఇంజను ఆగింది. దాని పక్కది ఆగింది. మోక్షిత వంగి తన బండి కింది కుండని చీరకొంగుతో పట్టుకుని దూరంగా జరిపింది. వెనకాల ఒకటొకటే ఆగిపోయాయి. చివరిది ఆగాక సముద్రం చప్పుడు వినిపించింది.

అమైరా అద్దాల గది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

దీనివల్ల ఏమీ తిరిగి రాదు. ఇంటి మీద వాన ఇంకా తొమ్మిదేళ్ళు వాళ్ళదే. గేటు తాళం వాళ్ళ కంప్యూటరులోనే ఉంది. రేపు లైటు వెలగడానికి వాళ్ళకి ఇంకో కారణం దొరుకుతుంది.

కర్పూరం వెలిగించాను. పల్లవి ఎత్తుకున్నాను. ఇంజన్ల చప్పుడు లేకపోవడంతో నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

పల్లవి అయిపోయింది. అక్కడ జాను అందుకోవాలి. ఆగాను.

కర్పూరం సగానికి తగ్గింది. చరణం కూడా నేనే పాడాను.